రౌటర్‌కు రెండు పాస్‌వర్డులు

మీ ఇంట్లో వైఫై రౌటర్ ఉందా? ఓసారి తిరగేసి, అడుగున అంటించిన స్టిక్కర్ చూడండి. చాలావాటిపై రెండు పాస్‌వర్డులుంటాయి. ఒకటి వైఫైది. రెండోది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లేది. మనం మొదటిదే మార్చి, రెండోది వదిలేస్తాం. పాత రౌటర్లు చాలావాటిలో అది ‘అడ్మిన్’ అన్న మాటే! ఎవరైనా ఇట్టే ఊహిస్తారు. లోపలికి దూరినవాళ్లు మన ఫోన్లను నకిలీ వెబ్‌సైట్లకు మళ్లించగలరు.

అందుకే ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. సెట్టింగుల్లో సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ, అంతకంటే మెరుగైన డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి. బయటి నుంచి రౌటర్ సెట్టింగులు మార్చే వీలిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. ఇంటికొచ్చిన చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు, అంటే ఫర్మ్‌వేర్‌కు, అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి.

మళ్లీ చెబుతున్నా. వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే చాలదు. రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చాలి. ఆ పని ఇవాళే చేసేయండి.