ఆపినవాడి లెక్క
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా మూడు విషయాలే నడుస్తాయి. ఒకటి డి.ఏ. బకాయిలు, రెండు హెల్త్ కార్డులు, మూడు మోకాళ్ల నొప్పులు. ఈసారి ఈ మూడూ కాక మరేదైనా మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. అందుకని ఒక బాస్కెట్ బాల్ ఆటగాడి సర్వీసు గురించి చెప్పదలచుకున్నాను. "ఈ వయసులో ఈయనకు బాస్కెట్ బాల్ ఏమిటయ్యా" అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కాని చివరిదాకా వినమని మనవి. అతను చేసిన ఉద్యోగానికీ, మనలో చాలామంది బల్ల దగ్గర కూర్చుని చేసిన ఉద్యోగానికీ దగ్గరి పోలిక ఉన్నది.

అతని పేరు డికెంబె ముటొంబో. ఆఫ్రికా ఖండంలో కాంగో దేశస్థుడు. 1966 జూన్ 25న కిన్షాసా నగరంలో పుట్టాడు. తండ్రి శామ్యూల్ గారు స్కూలు ప్రిన్సిపాలుగా చేసి, తరువాత ఆ దేశపు విద్యాశాఖలో పనిచేశారు. అంటే మనబోటి జీతగాడే. ఇంట్లో పిల్లల సంత. చిన్నతనంలో ఈ కుర్రవాడు ఆడింది ఫుట్ బాల్. బాస్కెట్ బాల్ పట్టుకున్నది బాగా ఎదిగిన తరువాతే. ఆ ఎదగడం కూడా సామాన్యంగా కాదు, 7 అడుగుల 2 అంగుళాలు. మన క్వార్టర్ల గుమ్మాల్లో నడుము దాకా వంగితే గాని పట్టడు.

1987లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్ షిప్ మీద వాషింగ్టన్ లోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. వెళ్లింది డాక్టరు కావాలని. అక్కడి బాస్కెట్ బాల్ కోచ్ జాన్ థామ్సన్ గారి కన్ను ఆ ఎత్తు మీద పడింది. ఇంకేముంది, డాక్టరు చదువు పోయింది, ఆట వచ్చింది. అయినా చదువు వదల్లేదు. 1991లో భాషాశాస్త్రం, దౌత్యశాస్త్రం రెండింటిలోనూ డిగ్రీ తీసుకున్నాడు. తొమ్మిది భాషలు మాట్లాడగలిగేవాడు. విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే ఒకసారి అమెరికా కాంగ్రెస్ లోనూ, ఒకసారి ప్రపంచ బ్యాంకులోనూ శిక్షణ కోసం పనిచేశాడు. కనుక ఆఫీసు వాసన కూడా కొంత తెలిసినవాడే.

ఆ ఏడే డెన్వర్ నగెట్స్ అనే జట్టు అతన్ని తీసుకుంది. అక్కడి నుంచి 18 సీజన్లు ఆడాడు. డెన్వర్, అట్లాంటా, ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ, న్యూయార్క్, హ్యూస్టన్ అని ఆరు ఊళ్లు తిరిగాడు. బదిలీలంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెట్టే బేడా సర్దుకుని, పిల్లల టి.సి.లు తెచ్చుకుని, కొత్త ఊళ్లో అద్దె ఇల్లు వెతుక్కున్నవాళ్లమే అందరమూ.

ఇప్పుడు అతని సీటు ఏమిటో చెప్పాలి. బాస్కెట్ బాల్ లో ఒక్కో జట్టుకు అయిదుగురు. బుట్ట నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ అయిదుగురిలో సాధారణంగా అందరికన్నా పొడుగువాడిని బుట్ట దగ్గర నిలబెడతారు. అతన్ని సెంటర్ అంటారు. అవతలి జట్టు వాడు బుట్టలో వేయడానికి బంతి ఎగరేస్తే, దాన్ని గాలిలోనే కొట్టి ఆపాలి. దీన్ని బ్లాకు అంటారు. ఇందులో ఒక నిబంధన ఉంది. బంతి పైకి పోతున్నప్పుడే ముట్టుకోవాలి. బుట్ట వైపు కిందికి దిగడం మొదలుపెట్టాక ముట్టుకుంటే, బుట్టలో పడినట్టే లెక్కకట్టి అవతలివారికి పాయింట్లు ఇచ్చేస్తారు. కనుక ఆపేవాడికి ఉన్న వ్యవధి రెప్పపాటు. ముందుగా ఎగిరితే అవతలివాడు దాటిపోతాడు, ఆలస్యమైతే నిబంధన ఒప్పుకోదు.

నేను 2008లో రిటైరయ్యాను. ఆ చలికాలం హ్యూస్టన్ లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాము. మా మనవడు టీవీ ముందు కూర్చోబెట్టి ఈ నిబంధనలన్నీ నాకు పాఠం చెప్పాడు. అప్పటికి ముటొంబో అక్కడి రాకెట్స్ జట్టులోనే ఉన్నాడు. "తాతయ్యా, ఆయన చాలా ముసలాయన" అన్నాడు మావాడు. ఎన్నేళ్లురా అంటే 42 అన్నాడు. మనకు ఆ వయసుకు సీనియర్ అసిస్టెంటు ప్రమోషను కూడా సరిగా రాలేదు! ఆ ఆటలో మాత్రం 42 అంటే సర్వీసు పొడిగింపు మీద ఉన్నట్టే.

అతని సర్వీసు రిజిస్టరు తీసి చూద్దాం. ఆడిన ఆటలు 1,196. వేసిన పాయింట్లు 11,729. అంటే సగటున ఆటకు పది కూడా పూర్తిగా లేవు, 9.8. పేరు మోసిన ఆటగాళ్ల పక్కన ఈ అంకె చాలా చిన్నది. కాని ఇంకో కాలమ్ ఉంది. ఆపిన బంతులు 3,289. ఆ దేశపు లీగులో ఇంతకన్నా ఎక్కువ ఆపినవాడు ఒక్కడే, నైజీరియాలో పుట్టిన హకీం ఒలాజువాన్. అతనివి 3,830. ఆ లీగులో ప్రతి ఏడూ రక్షణలో మేటి ఆటగాడికి ఒక బహుమానం ఇస్తారు. ముటొంబోకు అది నాలుగుసార్లు వచ్చింది: 1995, 1997, 1998, 2001.

మిత్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ బ్లాకుల లెక్క ఆ లీగులో అధికారికంగా రాయడం మొదలైంది 1973-74 సీజను నుంచి. బిల్ రసెల్ అనే మహానుభావుడు బోస్టన్ జట్టుకు సెంటరుగా 13 సీజన్లు ఆడి, 11 సార్లు జట్టును విజేతగా నిలిపి 1969లో విరమించాడు. ఆపడమే అతని విద్య. అతను ఎన్ని ఆపాడని అధికార రికార్డు అడిగితే, ఖాళీ! ఎందుకంటే అప్పటికి ఆ కాలమ్ గీయలేదు. 2007 జనవరిలో ముటొంబో కరీమ్ అబ్దుల్ జబ్బార్ ను దాటి రెండో స్థానానికి వచ్చాడు. ఆ కరీమ్ కు కూడా మొదటి నాలుగేళ్ల లెక్క లేనే లేదు. రిజిస్టరులో గడి లేకపోతే చేసిన పని చేయనట్టే. ఇది మనకు కొత్త సంగతి కాదు.

నేను ఒక ఆఫీసులో బిల్లుల సెక్షనులో ఉన్నప్పుడు, ఒక బిల్లు రెండోసారి వచ్చింది. అంకెలు అవే, తేదీ మాత్రం వేరు. పాత రిజిస్టరు దుమ్ము దులిపి చూస్తే ముందే చెల్లింపు జరిగి ఉంది. ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపాను. ఆ నెల ఖర్చుల పట్టికలో ఆ మొత్తం లేదు. లేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఖర్చయిన రూపాయికి వోచరు ఉంటుంది గాని, మిగిలిన రూపాయికి వోచరు ఉండదు కదా. ఇటువంటివి ఇక్కడ కూర్చున్న ప్రతివారి సర్వీసులోనూ ఉన్నాయి. "ముప్ఫై అయిదేళ్లు ఏమి సాధించావు" అని ఇంట్లో పిల్లలు అడిగితే, చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. ఈ బాధ మనలో చాలామందికి ఉన్నదని నాకు తెలుసు. అందుకే ఈ సెంటరు కథ ఎన్నుకున్నాను.

ఆపేవాడి విలువ లోకం చూసిన రోజు కూడా ఒకటి వచ్చింది. 1994లో డెన్వర్ జట్టు ఎనిమిదో స్థానంలో, తుదిపోటీలకు అంచున నిలిచి వచ్చింది. ఎదురుగా 63 ఆటలు గెలిచిన సియాటిల్. అయిదు ఆటల పోటీలో మొదటి రెండూ డెన్వర్ ఓడిపోయింది. తరువాత మూడూ వరుసగా గెలిచింది. ఎనిమిదో స్థానపు జట్టు మొదటి స్థానపు జట్టును ఓడించడం ఆ లీగు చరిత్రలో అదే ప్రథమం. ఆ అయిదు ఆటల్లో ముటొంబో ఆపినవి 31. చివరి ఆట ముగిశాక అతను నేల మీద వెల్లకిలా పడుకుని, బంతిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నవ్వుతున్న ఫొటో చాలా ప్రసిద్ధి. అది బుట్టలో వేసినవాడి ఫొటో కాదు, ఆపినవాడి ఫొటో.

బంతి ఆపినప్పుడల్లా అతను చూపుడు వేలు అటూ ఇటూ ఊపేవాడు. "నా ఇంట్లో ఈ పప్పులు ఉడకవు" అన్నట్టు. అవతలివారిని కవ్వించడం తగదని లీగు అధికారులు అడ్డుపడ్డారు. ఎదుటివాడి ముఖం మీద ఊపితే ఫౌలు అన్నారు. మనకు మెమో ఇచ్చినట్టే. అతనేం చేశాడు? నిబంధన ప్రేక్షకుల గురించి ఏమీ చెప్పలేదు గనుక, ప్రేక్షకుల వైపు తిరిగి ఊపాడు. రూల్సు చదువుకున్నవాడని దీనిలోనే తెలుస్తోంది.

ఇంత చేసినా అతనికి దక్కనిది ఒకటుంది, ఛాంపియన్ షిప్పు. 2001లో ఫిలడెల్ఫియాతో ఆఖరి పోటీ దాకా వెళ్లి లాస్ ఏంజెలిస్ చేతిలో ఓడాడు. 2003లో న్యూజెర్సీతో వెళ్లి శాన్ ఆంటోనియో చేతిలో ఓడాడు. 2009 ఏప్రిల్ 21న పోర్ట్ లాండ్ లో ఆడుతుండగా మోకాలి దగ్గర నరం తెగింది. అదే చివరి ఆట. వీడ్కోలు సభ, పూలదండ, శాలువా ఏమీ లేకుండా మోసుకుపోతుండగా సర్వీసు ముగిసింది. తరువాత గౌరవాలు రాకపోలేదు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్ లో చేర్చారు. అట్లాంటా, డెన్వర్ జట్లు అతని 55వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించాయి.

కాని నేను చెప్పదలచిన అసలు సంగతి ఆట మైదానంలో జరిగింది కాదు.

1997లో అతని తల్లి బియాంబా మరీ గారికి పక్షవాతం వచ్చింది. అప్పుడు ఆ దేశమంతా అల్లకల్లోలంగా ఉంది. దారులు మూసుకుపోయి ఆమె ఆసుపత్రికి చేరలేకపోయింది. ప్రాణం పోయింది. కొడుకు అమెరికాలో ప్రసిద్ధుడు, ధనవంతుడు. డాక్టరు కావాలని బయలుదేరినవాడు. వేరొకరి బంతిని వేలసార్లు ఆపిన చెయ్యి, కన్నతల్లి దగ్గరకు వచ్చిన మృత్యువును ఆపలేకపోయింది. ఆ మాట ఆలోచిస్తే ఏ కొడుక్కైనా కడుపు తరుక్కుపోతుంది.

ఏడుస్తూ కూర్చోలేదు. ఆ ఏడే తన పేర ఒక ధర్మసంస్థ స్థాపించి, కిన్షాసా పొలిమేరలో 300 పడకల ఆసుపత్రి కట్టడానికి పూనుకున్నాడు. అంచనా 2 కోట్ల 90 లక్షల డాలర్లు. అందులో కోటీ 50 లక్షలు, అంటే సగానికి పైగా, తన సొంత డబ్బే ఇచ్చాడు. మిగిలినదానికి ఊరూరా తిరిగి చందాలు అడిగాడు. పదేళ్లు పట్టింది. అయినా వదల్లేదు. 2007లో రోగులను చేర్చుకోవడం మొదలైంది. ఆసుపత్రికి తల్లి పేరే పెట్టాడు. ఆ ఏడు జనవరి 23న అమెరికా అధ్యక్షుడు కాంగ్రెసులో వార్షిక ప్రసంగం చేస్తూ, గ్యాలరీలో కూర్చున్న ఇతన్ని చూపించి సభకు పరిచయం చేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. ఇతను రచ్చ గెలిచి, ఆ గెలుపంతా మూటగట్టి ఇంటికి పంపాడు.

2022లో మెదడులో కణితి ఉందని తెలిసింది. 2024 సెప్టెంబరు 30న 58 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మన రాష్ట్రంలో చాలాకాలం పదవీ విరమణ వయసు ఎంతో, సరిగ్గా అన్నేళ్లు. మనం ఏ వయసున పెన్షను కాగితాల మీద సంతకాలు పెట్టామో, ఆ వయసున అతను లెక్కలన్నీ సరిచూసుకుని వెళ్లిపోయాడు. మనకు ఆ పైన ఇన్నేళ్లు బోనసు వచ్చింది. దాన్ని ఏమి చేస్తున్నాము?

ఆసుపత్రులు కట్టమని అనడం లేదు. మన పెన్షనుతో మందుల చీటీయే కట్టలేకపోతున్నాము. కాని మన చేతిలో మనకే తెలిసిన విద్య ఒకటుంది. మన సభ్యులు కాలం చేసినప్పుడు, వారి భార్యలు ఫ్యామిలీ పెన్షను కోసం ఎన్ని నెలలు తిరుగుతున్నారో మీకు తెలుసు. పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీ తేడా, జాయింటు ఫొటో లేదు, నామినేషను కనపడలేదు. ఆ తల్లికి ఆ కాగితం ఏమిటో తెలియదు. మనకు తెలుసు. ఏ అనుబంధంలో ఏ గడి నింపాలో, ఏ సెక్షనులో ఎవరిని అడగాలో మనకు నిద్రలో లేపినా తెలుసు. వారానికి ఒక పూట ఇద్దరు చొప్పున మన సంఘం గదిలో కూర్చుంటే, ఒక విధవరాలి నెల తిరుగుడు ఆగుతుంది. ఆపడమే కదా మనం నేర్చిన పని!

దీనికి జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు. మన వార్షిక నివేదికలో దానికి గడి కూడా లేదు. ఆ గడి ఈ సంవత్సరం నుంచి గీయమని కార్యదర్శి గారిని ప్రార్థిస్తున్నాను. మొదటి పూట నా పేరు రాసుకోండి, సోమవారమైనా సరే, మంగళవారమైనా సరే. రెండో పేరు ఎవరిదో ఈ సభ ముగిసేలోపల చెప్పండి.