ఒకే చందా, రెండుసార్లు

(తిరుపతిలో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా పెద్ద విషయాలే మాట్లాడుకుంటాం. గృహహింస, కట్నం, భూమి పట్టా. ఈ రోజు నేను 590 రూపాయల గురించి మాట్లాడదామని వచ్చాను. నవ్వకండి. ఆ 590 రూపాయల వల్ల మా సంస్థలో ఒక అమ్మాయి దొంగ అనిపించుకోబోయింది.

మాది చిన్న ఆఫీసు. లెక్కలు రాసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. ఒకేసారి కొనడం కాదు, నెలనెలా చందా. 500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 90. పత్రిక చందా సంగతి మనకు తెలిసిందే. ఏడాది అయ్యాక ఉత్తరం రాయాలి, మళ్లీ రాయాలి, ఎదురుపడినప్పుడు మొహమాటపడుతూ అడగాలి. ఈ చందాకు ఆ మొహమాటం లేదు. ఒకసారి కార్డు నంబరు ఇచ్చి ఒప్పుకుంటే ప్రతినెలా తనే వచ్చి తీసుకుపోతుంది.

ఒక నెల స్టేట్‌మెంటులో 590 రెండుసార్లు కనబడింది. లెక్కలు చూసే అమ్మాయికి 22 ఏళ్లు. పుత్తూరు దగ్గర పల్లె నుంచి రోజూ వచ్చిపోతుంది. కార్డు ఆమె దగ్గరే ఉంటుంది. 'నేనే యాడో తప్పు నొక్కింటాను' అనుకుంది. ఎవరికీ చెప్పకుండా తన జీతంలోంచి 590 తెచ్చి ఆఫీసు డబ్బులో కలిపింది. రెండో నెలా అంతే చేసింది. మూడో నెల ఆమె దగ్గర డబ్బు లేదు. నాలుగో నెల మా కోశాధికారి స్టేట్‌మెంటు చూసి అడిగిన మొదటి మాట, "ఇంకోటి నీ సొంతానికి తీసుకున్నావామ్మా?"

ఆ గదిలో నేనూ ఉన్నాను. నేనూ అడ్డం చెప్పలేదు. ఊళ్లో ఆడమనిషి మాట ఎవరూ నమ్మరని ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని నేనే.

కంపెనీకి రాస్తే, 'మీ నుంచి మాకు నెలకు ఒకటే వస్తోంది' అని జవాబు. బ్యాంకుకు వెళితే, 'మీరే ఒప్పుకున్నారు, కంపెనీనే అడగండి' అన్నారు. అప్పుడు ఆ అమ్మాయే ఒక పని చేసింది. నాలుగు నెలల స్టేట్‌మెంటు ఒక పక్క, కంపెనీ పంపిన బిల్లులు ఇంకో పక్క నేలమీద పరిచింది. రెండు కోతలూ ఒకే రోజు పడలేదు. ఒకటి 5వ తేదీన, ఇంకోటి 19న. రిఫరెన్సు నంబర్లు వేరు. 5వ తేదీ కోతకు మాత్రం మా దగ్గర బిల్లు లేదు. మరి ఆ బిల్లు ఎక్కడికి పోతోంది? మా దగ్గర మానేసి వెళ్లిన పాత సమన్వయకర్త ఈమెయిలుకు పోతోంది. మొదట ఖాతా తెరిచింది ఆమె. ఆమె వెళ్లాక మేం లోపలికి పోలేక, కొత్త మెయిలుతో, అదే కార్డుతో ఇంకో ఖాతా తెరిచాం. పాతది ఎవరూ మూయలేదు. కంపెనీ లెక్కలో మేం ఇద్దరు చందాదారులం. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పిల్ల తప్పూ నొక్కలేదు.

మరి ముందుగా హెచ్చరిక ఏదీ రాలేదా? రావాలి. ఇలాంటి కోతలకు రిజర్వు బ్యాంకు నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి కచ్చితంగా అమల్లోకి వచ్చాయి. డబ్బు తీసుకునే ముందు, కనీసం 24 గంటల ముందు, ఎంత, ఎప్పుడు, ఎవరికి అని బ్యాంకు సందేశం పంపాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలూ ఇవ్వాలి.

ఆ సందేశాలు ప్రతినెలా రెండేసి వచ్చాయి. కానీ ఎవరికి? చిల్లర ఖర్చుల ఖాతా మా కార్యదర్శి పేర ఉంది. (అలా ఉండటమే తప్పని ఆడిటరు ఆ తర్వాత మమ్మల్ని బాగా కోప్పడ్డారు.) ఖాతా తెరిచిన రోజు బ్యాంకుకు వెంట వెళ్లింది ఆమె భర్త. ఫారంలో తన నంబరు రాసి వచ్చాడు. చందా కట్టిన రోజు కూడా "అంకుల్, ఓటీపీ వచ్చింటాది, చెప్పండి" అని ఫోను చేసి అడగాల్సి వచ్చింది. ఆయన మంచి మనిషే. 'బ్యాంకువాళ్లవి ఏవో వస్తానే ఉంటాయి గదమ్మా' అన్నాడు. 1992లో సారా మీద లేచిన పల్లెలు మనవి. ఆ వెనకే నెల్లూరులో రోజుకొక రూపాయితో పొదుపులక్ష్మి మొదలైంది. పొదుపు సంఘంలో లెక్కల పుస్తకం అందరిముందూ చదువుతాం. మా మహిళా సంస్థ డబ్బు కబురు మాత్రం నాలుగు నెలలు ఒక మగవాడి జేబులో మోగింది.

రెండుసార్లు కోత పడిందంటే అన్నీ ఒకటే రకం కావు. ఇది తెలియకే తప్పు తలుపు తడతాం. చిత్తూరులో టైలరింగు చేసే ఒకామె కూతురి చదువు యాప్‌కు డబ్బు కట్టింది. 'విఫలం' అని తెర మీద వచ్చింది, మళ్లీ నొక్కింది. రెండూ కట్ అయ్యాయి. అలా దుకాణానికి చేరని డబ్బు అయిదు రోజుల్లో తనంతట తానే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున, మనం అడగకుండానే, బ్యాంకు పరిహారం ఇవ్వాలి. ఇది 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. రెండు చెల్లింపులూ అవతలివాళ్లకు చేరి ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్లనే వాపసు అడగాలి.

మనం ఎన్నడూ ఒప్పుకోని కోత అయితే అది మోసం. వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ చెప్పాలి. తప్పు మనదీ బ్యాంకుదీ కాక మూడోవాళ్లదైతే, మూడు పని దినాల్లో బ్యాంకుకు తెలిపినవాళ్ల మీద నష్టం పడకూడదని 2017 ఆదేశం. మాది అలాంటిది కాదు. కోపంలో 'మోసం' అని రాసి ఉంటే బ్యాంకు ఒక్క మాటతో కొట్టేసేది.

ఇంకో మాట. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగిందనుకుంటారు. ఆగదు. కంపెనీ ఖాతాలో రద్దు చేయాలి, బ్యాంకులో కార్డు మీద ఇచ్చిన అనుమతినీ రద్దు చేయాలి. యూపీఐ అయితే ఆటోపే అనేచోట చూడండి. రద్దు చేసే దారిని కావాలని కష్టం చేయడం అనుచిత పద్ధతేనని 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాల్లో చెప్పింది. కంపెనీ ఫోను నంబరును మాత్రం ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకోవద్దు. అక్కడే దొంగలు కూర్చుని ఉంటారు. బిల్లు మీద ఉన్న చిరునామాకే రాయండి.

మేం రాసిన ఉత్తరం అరపేజీ. తేదీలు, మొత్తాలు, రిఫరెన్సు నంబర్లు, రెండు మెయిళ్లు, పాత ఖాతా మూసి నాలుగు నెలల డబ్బు ఇవ్వమని అడగడం. పాత సమన్వయకర్త మదనపల్లెలో ఉంది. పాపం, తన మెయిలు తెరిచి బిల్లులన్నీ పంపింది. జవాబు రాకపోతే 1915కు చేద్దామనుకున్నాం. ఆ వినియోగదారుల సహాయ కేంద్రంలో తెలుగులో మాట్లాడవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. తప్పు బ్యాంకుదై, రాసిచ్చిన 30 రోజులకూ జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద ఫిర్యాదు అక్కడ తీసుకోరు.

అంతదాకా పోలేదు. కంపెనీ మూడు నెలలది, 1,770 రూపాయలు వెనక్కి ఇచ్చింది. మొదటి నెల పాత ఖాతాలోకి వెళ్లి లెక్కలు దించుకున్నారు కాబట్టి అది ఇవ్వమంది. నాకు న్యాయమే అనిపించింది. కోశాధికారి ఇప్పటికీ ఒప్పుకోలేదు.

బ్యాంకులో నంబరు మార్పించడానికి మా కార్యదర్శి ఒక్కతే వెళ్లింది. "సార్ రాలేదా మేడమ్?" అని అడిగారట. ఇప్పుడు నెల సమావేశంలో ఆ నెల వచ్చిన బ్యాంకు సందేశాలు పైకి చదువుతాం. అయిదు నిమిషాలు పడుతుంది.

ఆ అమ్మాయి తన జీతంలోంచి పెట్టిన 1,180 రూపాయలకు వోచరు రాశాం. 'దేని నిమిత్తం' అన్నచోట ఏం రాయాలో కోశాధికారికి తోచలేదు. పెన్ను పిల్ల చేతికిచ్చింది. 'నా డబ్బు వాపసు' అని రాసి సంతకం చేసింది.