శశిరేఖ పెళ్లి పెద్దలం మనమే



మన డబ్లిన్ ఇళ్లలో తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. పిల్లలు నవలో సీరియలో పట్టుకుని, అందులో రచయిత కలపని ఇద్దరిని తామే కలిపి ప్రేమకథలు అల్లుకుంటారు. దీనికి 'షిప్పింగ్' అని పేరు. ఓడల వ్యాపారం కాదు లెండి. 'రిలేషన్‌షిప్' అన్న మాటలోని చివరి ముక్క. 1990లలో 'ఎక్స్ ఫైల్స్' సీరియల్ అభిమానులు వాడుకలోకి తెచ్చినది. "లేని మనుషులకు లేని పెళ్లిళ్లేమిటి?" అని మేమూ మా అమ్మాయిని కసిరినవాళ్లమే.

ఒకనాడు 'మాయాబజార్' చూస్తూ ఆ పిల్లే అడిగింది: "శశిరేఖ భారతంలో ఏ పర్వంలో వస్తుంది?" గర్వంగా పుస్తకాలు తిరగవేశాము. వ్యాసుడిలో లేదు, కవిత్రయంలోనూ లేదు!

అక్కడ అభిమన్యుని భార్య ఉత్తర. విరాటుడు ఆమెను అర్జునుడికిస్తానన్నాడు. నాట్యం నేర్పిన గురువును కనుక కోడలిగా చేసుకుంటానన్నాడు అర్జునుడు. పెద్దల మధ్య మాట కుదిరింది. పిల్లల మనసు ఎవరడిగారు? ఆపైన యుద్ధం. పదమూడవనాడు ఆ పదహారేళ్లవాడు పద్మవ్యూహంలో కూలిపోయాడు.

జనానికి మనసొప్పలేదు. బలరామునికి ఒక కూతురిని కల్పించి, చిన్ననాటి నుంచే ఆ ఇద్దరికీ ప్రేమ పెట్టారు. మాట తప్పిన పెద్దలకు ఘటోత్కచుడి చేత బుద్ధి చెప్పించారు. తమిళ, మరాఠీ కథలలో ఆమె పేరు వత్సల. మన సురభివారు ఆ కథను ఊరూరా ఆడారు, 1957లో కె.వి.రెడ్డిగారు తీసిన చిత్రం చూసి జాతి యావత్తూ మురిసింది. చావు తప్పించలేని కుర్రవాడికి, తాను కోరుకున్న పిల్లతో ఒక్క పెళ్లైనా జరిపించాలన్న ఆరాటమే అదంతా అని మాకు తోస్తుంది.

అమెరికాలోనూ ఇంతే. 1966 నుంచి 1969 వరకు వచ్చిన 'స్టార్ ట్రెక్'లో కిర్క్, స్పాక్‌లది స్నేహమే. ఆనాటి టెలివిజన్ చూపని ప్రేమను వారి మధ్య ఊహించి, 1970లలో అభిమానులు సొంతంగా చిన్న పత్రికలు వేసుకున్నారు. కథ ఎక్కడ నోరు మూసుకుంటుందో అక్కడ పాఠకుడు నోరు విప్పుతాడు. అందులోనే ఆనందమున్నది.

తరువాత మా అమ్మాయిని కసరడం మాని అడిగాము: "నువ్వు కలిపిన ఆ ఇద్దరినీ ఎందుకు కలిపావమ్మా?" కాసేపు ఆలోచించి, "వాళ్లు ఒకరి మాట ఒకరు చివరిదాకా వింటారు" అన్నది.

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాము. నీకెటువంటి వాడు కావాలని నేరుగా అడిగితే ఏనాడూ చెప్పని పిల్ల! ఆ మాట మా ఇంట్లో ఎంతవరకు చెల్లుతున్నదో కూడా మాకు ఆనాడే తెలిసింది.

కనుక మా మనవి ఒక్కటే. మీ పిల్లలు ఎవరికి ముడివేశారో విని నవ్వకండి. ఎందుకు వేశారో అడగండి. శశిరేఖకు పెళ్లి చేసిన వారికి ఆమాత్రం ఓపిక ఉండకపోదు.