ఇంజనీరు సంతకము - దాని వెనుకనుండు దస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పంట పండించునది నేలయే. కాని ఆ నేల ఎవరిదో చెప్పునది పహాణీ. ఈ న్యాయము ఇంజనీరు వృత్తికిని చెల్లును. ఇల్లు నిలుచునది ఇనుము, సిమెంటుల వలన; అది నిలుచునని హామీ ఇచ్చునది ఇంజనీరు సంతకము; ఆ సంతకమునకు బలమిచ్చునది అతని దస్త్రము. వికారాబాదు, తాండూరు ప్రాంతముల యువకులు పట్టములు పొంది స్వంతముగా వృత్తి నారంభింప దలచునపుడు మొదట తెలిసికొనవలసినది ఇదియే.

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టినది. 1908 సెప్టెంబరులో అది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను గొన్నది. అప్పుడు నిజాము ప్రభుత్వము, బొంబాయి కొలువు విడిచియున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రావించెను. 1909లో ఆయన వచ్చి, వరద లెక్కలు పరిశీలించి, మూసీ, ఈసీ నదులపై జలాశయములు కట్టవలెనని సూచించెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఒక ప్రభుత్వపు ఎల్ల దాటి మరొక ప్రభుత్వమునకు పని చేయుటకు ఆయనకు కీర్తియే చాలినది. అంతటి కీర్తి అందరికి నుండదు. కావున తక్కినవారికి పత్రము కావలసివచ్చినది.

తాండూరు సంగతి చూడుడు. 1956 నవంబరు 1కి పూర్వము తాండూరు, కొడంగల్ తాలూకాలు హైదరాబాదు రాష్ట్రమందలి గుల్బర్గా జిల్లాలోనివి. రాష్ట్రముల పునర్విభజనలో గుల్బర్గా మైసూరు రాష్ట్రమున చేరగా, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశమున చేరినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమైనది. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా యేర్పడినది. గనిలోని నాపరాయి ఈ మార్పుల నెరుగదు. ఈవల దానిని తాండూరు బండ యందురు, ఆవల షాబాదు బండ యందురు. రాతికి ఎల్ల లేదు. ఇంజనీరు సంతకమునకు మాత్రము ఎల్ల గలదు.

వాస్తుశిల్పులకు 1972 నాటి శాసనము గలదు. ఆర్కిటెక్చరు కౌన్సిలులో ఒకమారు నమోదైనవారు దేశమంతట వృత్తి సాగించుకొనవచ్చును. ఇంజనీర్లకు 2025 నాటికి అట్టి ఒకే నమోదు ఏర్పడలేదు. 1920లో స్థాపింపబడి, 1935లో రాయల్ చార్టరు పొందిన ఇంజనీర్ల సంస్థ 'చార్టర్డు ఇంజనీరు' అను బిరుదము నొసగుచున్నది. కాని పట్టణములలో కట్టడపు ప్లానుపై సంతకము చేయుటకు స్థానిక సంస్థ ఇచ్చు లైసెన్సు వేరు. తాండూరు పత్రము సేడములోను చెల్లునని తలచి పని యొప్పుకొనరాదు. ఆవలి నియమములను ముందుగా విచారింపవలెను.

మన పిల్లలు పెక్కుమంది పోవుచున్న అమెరికాలో ఈ కట్టుబాటు మరింత గట్టిది. 1907లో వయోమింగు రాష్ట్రము మొదటి లైసెన్సు శాసనము చేసినది. 1937 మార్చి 18న టెక్సాసులోని న్యూ లండను బడిలో గ్యాసు పేలి, దాదాపు 300 మంది, అందు అధికులు పిల్లలు, మరణించిరి. ఆ యేడే టెక్సాసు ఇంజనీర్లకు శాసనము చేసెను. ఏ రాష్ట్రపు లైసెన్సు ఆ రాష్ట్రమునకే. టెక్సాసులో ఏటేట, కాలిఫోర్నియాలో రెండేండ్లకు, న్యూయార్కులో మూడేండ్లకు ఒకమారు దానిని పునరుద్ధరింపవలెను. పెక్కు రాష్ట్రములలో ఇంజనీరునకే గాక, అతని సంస్థకును వేరుగా అనుమతి కావలెను. అందుచే చదువు, పరీక్షలు, అనుభవము, సాక్ష్యములు ఒకచోట భద్రపరచి, కోరిన రాష్ట్రమునకు పంపు ఉమ్మడి ఏర్పాటు అచ్చట గలదు.

మనకట్టి ఏర్పాటు లేనిచోట ఎవరి దస్త్రము వారే వ్రాసికొనవలెను. ఒక పుస్తకమున పట్టణము, లైసెన్సు సంఖ్య, ఇచ్చిన తేది, గడువు తేది, రుసుము, రసీదు వరుసగా నుండవలెను. గడువునకు మూడు మాసములు ముందే గుర్తు పెట్టుకొనవలెను. మరియొక పుస్తకమున పని వెంబడి పని: మట్టి పరీక్ష, లెక్కలు, ప్లాను సంఖ్య, స్థలమునకు పోయి చూచిన తేదులు. కొలువు విడుచువాడు అనుభవపత్రమును అధికారి ఉండగనే వ్రాయించుకొనవలెను. పదేండ్లకు ఆ యధికారి ఎచ్చట నుండునో తెలియదు. మూలపత్రము ఒకచోట, నకలు మరొకచోట నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, సంతకమును అద్దెకీయరాదు. చూడని పునాదికి, వేయని లెక్కకు సంతకము చేసినవాడు రూపాయలు కొన్ని సంపాదించుకొనును. ఆ కప్పు క్రింద నిదురించు పిల్లల ప్రాణములు అతని పేరున జమయగును. కప్పు కూలిననాడు ఆ ఖాతాను ఏ వడ్డీతోను తీర్చజాలడు.

ఇల్లు కట్టుకొను గ్రామస్థులకును ఒక విధి గలదు. మేస్త్రీని కూలి యడిగినట్లే ఇంజనీరును లైసెన్సు సంఖ్యయు, గడువు తేదియు అడుగవలెను. అడుగుట అవమానము కాదు. దస్త్రము శుద్ధిగా నున్నవాడు సంతోషముతో చూపును, లేనివాడు కోపించును. ఆ కోపమే గృహస్థునకు చాలిన సమాధానము.