సంత వద్దకే మందు రావలెను



కొత్తవలస–కిరండుల్ మార్గమున పనిచేయు రైల్వే ఉద్యోగికి రక్తపోటు మందు రైల్వే ఆసుపత్రిలో ఉచితముగా లభించును. ఆ పట్టాల ప్రక్కనున్న బస్తర్ ఆదివాసి అదే మందునకై దూరము నడువవలెను.

అమెరికాలో నల్లజాతివారికిని ఇట్టి లోటే ఉన్నది. లాస్ ఏంజెలెస్‌లో వారి క్షౌరశాలలకే ఫార్మసిస్టులు వెళ్లి, వైద్యుల ఒప్పందముపై మందులిచ్చిరి. 2018లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఆరు నెలలలో రక్తపోటు పై అంకె సగటున 27 తగ్గినది. క్షురకుల సలహా మాత్రమే పొందినవారికి 9 తగ్గినది.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2019లో సంత వైద్యశాలల పథకము ప్రారంభించినది. గోండీ, హల్బీ తెలిసిన ఫార్మసిస్టు ప్రతి సంతలోను కూర్చుండి, రక్తపోటు కొలిచి, మందు మానినవారిని గుర్తించి వైద్యునికి తెలుపవలెను. ఈ కోర్కెను మన మహాసభ తీర్మానములలో చేర్చుదము. మనకున్న హక్కు పొరుగువానికిని దక్కవలెను.