మామిడి మీది బదనికలు, వాటిని కొనవచ్చేవారు



మాది అమరచింత. ఊరి పేరులోనే చెట్టున్నది కాబట్టి చెట్లను గురించి మాట్లాడమంటే నాకు ఉత్సాహమే. అయితే ఈవేళ చెప్పబోయేది చెట్టును గురించి కాదు. చెట్టు మీద కాపురముండే ఒక మొక్కను గురించి, దానిని కొనడానికి వచ్చేవారిని గురించి నాలుగు మాటలు చెబుతాను.

నిరుడు ఎండాకాలంలో కొల్లాపూరు దిక్కున మా బావ మామిడితోటకు పోయినాను. అంతకు వారం ముందు ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద వచ్చినారట. "పటేలా, మీ చెట్లకు బదనిక బాగ పట్టింది. ఇట్ల వదిలేస్తే చెట్లు ఎండిపోతయి. మేమే ఎక్కి తీసేస్తం. పైగా మొక్కకింత అని మీకే ఇస్తం" అన్నారట. కూలి ఖర్చు లేకుండా పీడ పోతుంది, పైన డబ్బు వస్తుంది, ఇంకేమి కావాలె అని బావ సరేనన్నాడు. వాళ్లు రెండు గోనె సంచులు నింపుకొని పోయినారు.

నేను చెట్టు కింద నిలబడి పైకి చూసినాను. "బావా, ఒక్కసారి పైకి చూడు. చెట్టును తినే బదనిక కొమ్మ మీదనే ఉన్నది. వాళ్లు పట్టుకపోయింది ఏ పాపమూ ఎరుగనిదాన్ని" అన్నాను. బావ నమ్మలేదు. రెండూ బదనికలే గదా అన్నాడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మన భాషలో చెట్టు మీద పుట్టిన ప్రతి మొక్కనూ బదనిక అనే అంటాము. నిజానికి ఇవి రెండు జాతులు. మొదటిది అసలు బదనిక. దీని ఆకులు దళసరిగా, తోలువలె ఉంటాయి. పూలు సన్నని గొట్టాలవలె ఎర్రగానో నారింజ రంగుగానో గుత్తులుగా పూస్తాయి. పండు జిగురుగా ఉంటుంది. పిట్టలు ఆ పండు తిని గింజను మరో కొమ్మకు అంటిస్తాయి. గింజ మొలిచి, వేరును కొమ్మలోపలికి దింపి, చెట్టు నీటిని, సారాన్ని పీలుస్తుంది. అది పట్టినచోట కొమ్మ బుడిపె కట్టి ఉబ్బుతుంది, దాని పైభాగం క్రమంగా ఎండుతుంది. దీనిని తప్పక తీయవలసిందే. పై మొక్కను పీకితే చాలదు, మళ్లీ చిగురిస్తుంది. బుడిపెకు మానువైపు జానెడు, వీలైతే మూరెడు వదిలి కొమ్మనే కోసివేయాలి. కోసినచోట బోర్డో ముద్ద పూయాలి. పండ్లు పండకముందే ఈ పని చేస్తే పిట్టలు వ్యాపింపజేసే అవకాశం ఉండదు.

రెండవది ఆర్కిడ్ జాతి మొక్క. దీనిని శాస్త్రజ్ఞులు వాండా టెస్సెల్లాటా అంటారు. దీని ఆకులు పట్టెలవలె పొడుగుగా, నడుమ గాడితో, రెండు వరుసలలో ఉంటాయి. తెల్లని తాళ్లవంటి లావు వేళ్లు బెరడును పట్టుకొని గాలిలో వేలాడుతుంటాయి. పసుపు కలిసిన ఆకుపచ్చ పూల మీద గోధుమ రంగు గళ్లు, నడుమ నీలిరంగు పెదవి, మంచి వాసన. దీని వేళ్లు కొమ్మలోపలికి దిగవు. బెరడును పట్టుకొని నిలబడతాయి, అంతే. వాన నీటిని, గాలిలోని తేమను, బెరడు మీద పేరుకొన్న మట్టిని, చెత్తను ఆధారం చేసుకొని బ్రతుకుతుంది. ఇంటి అరుగు మీద కూర్చున్న బాటసారివంటిది. అరుగు వాడుకొంటుంది గాని ఇంట్లో గింజలు ముట్టదు.

ఈ మొక్కకు మన తెలుగు దేశంతో పాత సంబంధం ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కాలంలో సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రజ్ఞుడు కోరమండల్ తీరపు మొక్కల మీద గ్రంథం తెచ్చి, 1795లో ఈ మొక్కను బొమ్మతో సహా అందులో వర్ణించినాడు. వాండా అనే పేరు కూడా సంస్కృతంలోని వందాక అనే మాట నుండి వచ్చిందే.

మరి దీనిని ఎవరు కొంటారు? ముఖ్యంగా రెండు రకాలవారు. మొదటివారు అపురూపమైన మొక్కలు పోగుచేసుకొనే సరదా ఉన్న పట్టణవాసులు. ఈ సరదా కొత్తది కాదు. 1850లో హూకర్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీ కొండలలో నీలి వాండాను ఏడుగురు మనుషులు మోసేటంత సేకరించి లండను క్యూ తోటకు పంపినాడు. ప్రాణంతో చేరినవి కొన్నే. ఈ సంగతి ఆయనే వ్రాసుకొన్నాడు. ఇప్పుడు ఓడలు అక్కరలేదు, సెల్‌ఫోనులో బొమ్మ పెట్టి బేరం చేస్తున్నారు. కాని చెట్టు నుండి పీకిన మొక్క వేళ్లు తెగి, మట్టికుండీలో కుళ్లి చచ్చే కథ మాత్రం మారలేదు.

రెండవవారు మందు దినుసుల వ్యాపారులు. బెంగాలు దిక్కున దీని వేళ్లను రాస్న అనే పేరుతో వాడతారు. మనవైపు రాస్న అంటే దుంపరాష్ట్రం. ప్రభుత్వ ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథంలో రాస్న అంటే ఈ రెండూ కాక ప్లూకియా అనే వేరే మొక్క. పేరొకటి, సరుకులు మూడు! ఎండిన వేళ్లు సంచిలో పడిన తరువాత ఏది ఏదో ఎవరు చెప్పగలరు? అడవి పోతుంది, రోగికీ సరైన మందు అందుతుందన్న భరోసా లేదు. వీరుగాక, ఫలానా చెట్టు బదనిక ఇంట్లో ఉంటే కలిసివస్తుందని నమ్మించి అమ్మేవారూ ఉన్నారు. కలిసివచ్చేది అమ్మినవానికే.

"పోతే మళ్లీ మొలుస్తుంది గదా" అని మీరనవచ్చు. ఆర్కిడ్ ఒక్క కాయలో వేలు, లక్షల గింజలుంటాయి. కాని అవి పొడివంటివి, వాటిలో మొలకకు తిండి ఉండదు. ఒక విధమైన బూజు వచ్చి తిండి అందిస్తేనే మొలుస్తాయి. ఈ సంగతి 1899లో ఫ్రాన్సు దేశపు బెర్నార్ కనిపెట్టినాడు. మొలిచిన మొక్క పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. చెంచులు తేనె తీస్తే పట్టు మళ్లీ పడుతుంది. ఆర్కిడ్‌ను వేళ్లతో పీకితే ఆ కొమ్మ మీద మన కాలంలో మళ్లీ చూస్తామో లేదో.

ఇక చట్టం మాట. అమ్రాబాదు పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. అభయారణ్యం నుండి అనుమతి లేకుండా మొక్కను తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆర్కిడ్లన్నీ అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ జాబితాలో ఉన్నాయి. మన దేశం 1976లో అందులో చేరింది. అనుమతి పత్రం లేకుండా విదేశాలకు పంపరాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెంచు సోదరులకు తాము తరతరాలుగా సేకరించే తేనె, జిగురు వంటి చిన్న అటవీ ఫలాల మీద హక్కు ఇచ్చింది. దళారి సంచి నింపడానికి ఆ హక్కు అడ్డంపెట్టుకొంటే నష్టపోయేది వారే. తనిఖీలో దొరికేది సంచి మోసే మనిషి. బేరమాడిన మనిషి ఎక్కడో పట్నంలో ఉంటాడు. ఆ కష్టం పేదవాని ఇంటికి రానీయకండి.

మరి ఏమి చేయాలి? తోటలో తెల్లని తాళ్లవేళ్ల మొక్క కనబడితే దానిని ఉండనివ్వండి. గాలికి కొమ్మ విరిగి పడితే, మీ తోటలోని ఆ మొక్కను బెరడు ముక్కతోసహా తీసి, కొబ్బరి పీచుతో మరో మామిడి కొమ్మకు కట్టండి. తొలకరి రోజులైతే తొందరగా అంటుకొంటుంది. మట్టిలో మాత్రం నాటకండి. పూలమొక్కగా పెంచుకోవాలనే ముచ్చట ఉన్నవారు నర్సరీలో పెంచినవే కొనండి. 1922లో నడ్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చక్కెర కలిపిన గడ్డమీద, బూజు సాయం లేకుండానే ఆర్కిడ్ గింజలు మొలిపించవచ్చునని చూపినాడు. సీసాలలో మొక్కలు పెంచే పద్ధతికి అదే దారి చూపింది. కొనేముందు "ఇది ఎక్కడ పెంచినారు?" అని అడగండి. వేళ్లకు బెరడు అంటుకొని, ఆకులు చినిగి ఉంటే అది అడవి సొత్తేమోనని అనుమానించండి.

విస్తరణ సిబ్బందికి నాదొక మనవి. మామిడి రైతుకు బదనిక తీయమని చెప్పేటప్పుడు రెండు కొమ్మలూ చేతిలో పట్టుకొని చూపండి. ఒక్కమాటలో రెంటినీ కలిపి చెప్పడం వల్లనే మా బావవంటివారు మోసపోతున్నారు.

ఈ ఏడు మా బావ కూలివాండ్లను పెట్టి అసలు బదనికను కోయించినాడు. కూలి ఖర్చు తప్పలేదు. ఆ ఇద్దరూ ఇచ్చిన డబ్బు దానికి చాలలేదు. ఒక్క చెట్టు చిటారున, వాళ్ల చేతికందక ఒక వాండా మిగిలింది. తొలకరిలో పూసింది. ఎవరైనా కొనవస్తే బావ ఇప్పుడు ఒకటే మాట అంటున్నాడు: "ముందు ఆ ఎర్రపూలదాన్ని తీయుండ్రి, తర్వాత మాట్లాడుదము."