పూచీకత్తు లేనివాని చెర

(తిరుపతిలో జరిగిన ఒక పౌరసభయందు మా పత్రిక పక్షమున చేయబడిన ప్రసంగపాఠము)



నేడు మేము మాటాడవలసిన విషయము జామీను. ఇది వకీళ్ల గొడవయనియు, సంసారపక్షముగా బ్రతుకువారికి దీనితో నిమిత్తము లేదనియు పలువురి తలంపు. ఇంటివాడొకడు పట్టువడనంతవరకు ఆ తలంపునకు లోటులేదు. పట్టువడిన మరునాటినుండి ఆ ఇంట పొయ్యి వెలుగుటకును, పిల్లవాడు బడికి పోవుటకును ఈ ఒక్క మాటయే ఆధారమగుచున్నది.

దూరదేశముల కథలు చెప్పి మిమ్ము శ్రమపెట్టుట మా యుద్దేశము కాదు. మన కన్నుల యెదుట శేషాచలమున్నది. ప్రపంచమున మరియెచ్చటను ఇంత విరివిగా సహజముగ పెరుగని ఎఱ్ఱచందనము ఆ కొండలలో నున్నది. దానిని దొంగతనముగ నరికి సముద్రము దాటించువారున్నారు. నరకుటకు జవ్వాది కొండలనుండియు, తిరువణ్ణామలై, వేలూరు, ధర్మపురి, సేలము జిల్లాలనుండియు కూలీలను మేస్త్రీలు తోడ్కొని వచ్చుచున్నారు. గొడ్డలి పట్టినవాడు దొరకుచున్నాడు. గొడ్డలి పట్టించినవాడు దొరకుట అరుదు. దొరకినను వానికి వకీలు ముందుగనే సిద్ధము, జామీనుదారులు అంతకంటె ముందుగ సిద్ధము.

2013వ సంవత్సరము డిసెంబరు నెలలో ఈ కొండలలో ఇద్దరు అటవీ అధికారులు విధినిర్వహణమున నుండగా హతులైరి. ఘోరమైన సంగతి. అడవిని కాపాడబోయి ప్రాణములు కోల్పోయినవారి కుటుంబములకు న్యాయము జరుగవలెనని కోరనివాడు మనలో ఉండడు. అటుపిమ్మట జరిగినదేమి? వందలాది తమిళ కూలీలు పట్టువడి చెరసాలలలో నింపబడిరి. వారిలో పలువురు రెండేండ్లకు పైబడి అక్కడనే యుండిరి. 2016లో తిరుపతి న్యాయస్థానము నేరము రుజువు కాలేదని నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టినది. ఈ కథలో ఎవరికి మేలు కలిగినది? హతులైన అధికారుల కుటుంబములకు దోషి ఎవడో తెలియలేదు. కూలీలకు పోయిన ఏండ్లు తిరిగి రాలేదు. వందలమందిని ఒక్కమారుగ చెరలో నుంచుట గట్టి చర్యవలె కనబడును గాని, పరిశోధనకు అది బదులు కాజాలదు. పైపెచ్చు, నిందితులు లోపల నున్నారను ధీమా పరిశోధనను మందగింపజేయునేమో యని మా అనుమానము.

2015 ఏప్రిలు 7వ తేదీని ఇదే అడవిలో ఇరువది మంది కూలీలు పోలీసు కాల్పులలో మరణించిరి. అది వేరొక సభకు తగిన విషయము. ఇక్కడ జ్ఞాపకము చేయుటకు కారణ మొక్కటే: అడవికి వచ్చిన పేదవాని ప్రాణమును, స్వేచ్ఛను మనము ఎంత చులకనగ చూచుచున్నామో ఆ తేదీ చెప్పుచున్నది.

ఇక జామీను పని ఎట్లు జరుగునో చూతము. పట్టువడినవానిని ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. అచ్చటనుండి రిమాండు, పదునైదు దినముల కొకమారు దాని పొడిగింపు. నేరమును బట్టి అరువది దినములలో గాని తొంబది దినములలో గాని పోలీసులు అభియోగపత్రము దాఖలు చేయనిచో జామీను పొందుట నిందితుని హక్కు. వినుటకు బాగుగనే యున్నది. అయితే ఆ హక్కుపై వచ్చిన ఉత్తరువునందును పూచీకత్తు నిబంధన యుండును. ఇద్దరు జామీనుదారులు రావలెను. ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, ఆస్తి విలువకు రెవెన్యూ అధికారి యిచ్చిన ధ్రువపత్రమో తేవలెను. తాము ఇంతకుముందు ఎందరికి పూచీపడిరో ప్రమాణపూర్వకముగ చెప్పవలెను. ఇంతయు ఒక ఎత్తు. వారు స్థానికులై యుండవలెననుట మరియొక ఎత్తు.

కొంతకాలము క్రిందట ఒక న్యాయస్థానపు ఆవరణమున మేము చూచిన దృశ్యము మరపునకు రాదు. కొండజాతి స్త్రీ యొకతె కొంగున కాగితము ముడివేసుకొని చెట్టుక్రింద కూర్చుండియున్నది. అది ఆమె భర్తకు వచ్చిన జామీను ఉత్తరువు. వచ్చి పదునెనిమిది దినములైనది. “ఉత్తరువు వచ్చినదన్నారు గదా, మనిషి ఏల రాలేదు?” అని అరవమున మమ్మడిగినది. ఇద్దరు ఊరివారు పూచీ పడవలెనని చెప్పితిమి. “ఈ ఊరిలో నాకెవరున్నారు?” అన్నది. దగ్గరనే గోడకానుకొని నిలిచిన ఒకడు, అడిగిన సొమ్మిచ్చినచో తెల్లవారునప్పటికి జామీనుదారులను తెచ్చెదనన్నాడు. ఆమెయొద్ద ఊరికి పోవుటకు బస్సు చార్జీ మాత్రమే కలదు. న్యాయమూర్తి తెరచిన తలుపును ఆ గోడకానుకొన్నవాడు మూసివేయగలుగుచున్నాడు. ఇది చట్టములో ఎక్కడను వ్రాయబడలేదు. అయినను జరుగుచున్నది.

స్థానికుడనగా ఎవడు? చరిత్ర తెలిసినవారికి ఈ ప్రశ్న నవ్వు పుట్టించును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలును, వేలూరు, పోలూరు తాలూకాలును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. అనగా నూటపదునైదేండ్ల క్రిందట పోలూరు రైతు చిత్తూరు కచ్చేరిలో పూచీ పడినచో జిల్లా వాడే యగును. నేడు వాని మునిమనుమడు పరదేశి. మనిషి మారలేదు, కొండ మారలేదు. పటముమీద గీత మారినది.

ఇట్టి నిబంధనను మన అత్యున్నత న్యాయస్థానము 1978లోనే గర్హించినది. మధ్యప్రదేశమున మోతీరాము అను తాపీపనివానికి జామీను మంజూరైనది. మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ కోరి, వాని తమ్ముని ఆస్తి వేరొక జిల్లాలో నున్నదని ఆ పూచీని నిరాకరించెను. జస్టిస్ కృష్ణయ్యరు ఆ తీర్పులో, తన ప్రాంతమునకు దూరమున పట్టువడిన తమిళుడో, ఆంధ్రుడో, మలయాళియో, కన్నడిగుడో ఏమి కావలెనని నిలదీసి, ఇట్టి జిల్లా భేదమునకు ఏ చట్టము ఆధారమని ప్రశ్నించెను. మరుసటి యేట, 1979లో, హుసేనారా ఖాతూను కేసున బీహారు చెరసాలలనుండి ఏండ్ల తరబడి విచారణ లేక పడియున్నవారి గోడు బయటపడినది. తమపై మోపబడిన నేరమునకు పడగల గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలము చెరలో గడపినవారు సయితము వారిలో నుండిరి. ఇన్నేండ్ల తరువాత, 2023 జనవరి 31న, సుప్రీముకోర్టు మరల చెప్పవలసివచ్చినది: స్థానిక పూచీకై పట్టుపట్టుటయే విడుదల ఆలస్యమునకు ఒక కారణమనియు, అట్టి సందర్భములలో ఆ నిబంధన విధింపకుండుట మేలనియు. జామీను వచ్చిన ఏడు దినములలో ఖైదీ విడుదల కానిచో చెరసాల సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెను. నెలలోపల పూచీకత్తు ఇయ్యలేనివాని విషయమున నిబంధనను సడలించుటను న్యాయస్థానము తనంతట తానే పరిశీలింపవచ్చును. నలువది యైదేండ్లలో ఒకే మాట రెండుమారులు చెప్పించుకొన్న వ్యవస్థ, మూడవమారు చెప్పించుకొనకుండునని నమ్మకమేమి?

“జామీను నియమము, నిరాకరణము అపవాదము” అను సూత్రము నేటిది కాదు. 1929లో మీరటు కుట్రకేసున కార్మిక నాయకులను పట్టి ఏండ్ల తరబడి చెరలో నుంచిన కాలమున, 1931లో అలహాబాదు హైకోర్టు హచిన్‌సను కేసునందు ఇదే న్యాయమును ప్రకటించినది. పరప్రభుత్వము తన్ను కూలద్రోయజూచుచున్నారని నిందించినవారి విషయముననే ఒక న్యాయస్థానము ఈ మాట చెప్పగలిగెను. స్వరాజ్యములో కట్టెకొట్టువాని విషయమున చెప్పుటకు మనకు నోరు పెగలకుండుట ఎట్టి వింత!

దేశమంతట స్థితి యేమనగా, 2022వ సంవత్సరాంతమునకు మన చెరసాలలలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది ఇంకను విచారణ తేలనివారు. నలుగురిలో ముగ్గురన్నమాట. శిక్షపడినవారికై కట్టిన గోడలు శిక్షపడనివారితో నిండినవి. ఆ యేటనే నవంబరు 26న, రాజ్యాంగ దినమున, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము న్యాయమూర్తుల సభలో ఈ పేద ఖైదీల మాట యెత్తిరి. వ్రాసికొన్న ప్రసంగమును విడిచి ఆమె చెప్పిన మాటలవి యగుటచే దేశము చెవియొగ్గినది.

చట్టము కదలలేదని మేమనము. 2005 సవరణచే, గరిష్ఠ శిక్షలో సగము కాలము చెరలో గడపినవానిని విడుదల చేయు విధి యేర్పడినది. జామీనీయదగిన నేరమున వారము దినములలో పూచీ తేలేనివానిని బీదవానిగ భావించి స్వంత ముచ్చలికపై విడువవలెనని అదే సవరణ చెప్పినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షను, మొదటిసారి నేరమున చిక్కినవానికి సగమును మూడవ వంతునకు తగ్గించినది. మంచిదే. లెక్క కట్టి చూడుడు: పదేండ్ల శిక్షకు తగిన నేరము మోపబడినవానికి మూడవ వంతనగా మూడేండ్ల నాలుగు నెలలు! అంతకాలము నిర్దోషిగ భావింపబడుచునే చెరలో నుండవలెను. అదిగాక, అదే సెక్షనులో రెండవ ఉపవిధి యొకటి కలదు. ఒకటికంటె ఎక్కువ కేసులు నడచుచున్నవానికి ఈ మేలు వర్తింపదు. మన శేషాచలపు కూలీకి ఈ వాక్యము ఉరిత్రాడు వంటిది. ఒక కేసులో జామీను వచ్చునంతలో మరియొక ఠాణావారు పి.టి. వారంటుతో వచ్చి, పాత కేసొకదానిలో వానిని చూపుదురు. కేసుల సంఖ్య పెరుగుట వాని నేరమువలననా, చూపినవారి కలమువలననా యని తేల్చవలసిన విచారణయే ఇంకను జరుగలేదు. ఆ సంఖ్య మాత్రము వాని విడుదలకు అడ్డుగ నిలుచును. ఈ ఉపవిధి సవరింపబడవలెను.

మాకు ఎదురు చెప్పువారున్నారు. వారి మాటను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. “పొరుగు రాష్ట్రమువాడు విడుదలయైనచో వాయిదాకు రాడు, వారంటు పట్టుకొని కొండలలో వెదకుట యెవరి తరము?” అందురు. నిజమే, రానివారు కలరు. అయితే ఏల రారు? వాయిదా తేదీ తెలుగులో వ్రాసిన కాగితముపై నున్నది. వానికి తెలుగు రాదు. రానుపోను రెండుదినముల కూలి పోవును. వచ్చినను నాటి వాయిదా మరియొక వాయిదాకు మారును. ఈ యడ్డంకులను తొలగింపక, పారిపోయినాడని ముద్రవేయుట సులభము. 1961లో న్యూయార్కు నగరమున ఒక ప్రయోగము జరిగినది. నిందితునికి ఇల్లు, కుటుంబము, పని యున్నవా యని విచారించి, సొమ్ము పూచీ లేకయే మాటపై విడుదల చేయుటకు సిఫారసు చేసిరి. అట్లు విడువబడినవారిలో రాకపోయినవారు మిక్కిలి స్వల్పము. దాని ఫలితముగ 1966లో అమెరికా కేంద్ర చట్టమే మారినది. ఇంగ్లాండు 1976లోనే జామీనునకు ప్రత్యేక చట్టము చేసికొన్నది. మనకును అట్టి చట్టము కావలెనని 2022 జూలైలో సుప్రీముకోర్టు కేంద్ర ప్రభుత్వమునకు సూచించినది. అది నేటికిని సూచనగనే యున్నది.

అసలు ఘరానా దొంగల సంగతి యేమని మరికొందరందురు. సాక్షులను బెదరించువానిని, మాటిమాటికి ముఠాలు నడపువానిని న్యాయమూర్తి కారణములు వ్రాసి నిలుపవచ్చును, మేము కాదనము. నియమము మారవలసినది వానికై కాదు. ఆస్తి లేకుండుటయే అపరాధముగ చెరలో నుండువానికై.

మన రెండు జిల్లాలలో రేపే చేయదగిన పనులున్నవి. వీనికి పార్లమెంటు అనుమతి అక్కరలేదు. పేద ఖైదీల జామీనునకై కేంద్ర ప్రభుత్వము 2023లో ఒక పథకము పెట్టినది. విచారణ ఖైదీ కొకనికి నలువదివేల రూపాయలవరకు దానినుండి చెల్లింపవచ్చునని నాడు నిర్ణయించిరి. ఈ సంగతి తిరుపతి సబ్‌జైలులోను, చిత్తూరు జిల్లా జైలులోను, మనవారిని పంపుచున్న నెల్లూరు, కడప కేంద్ర కారాగారములలోను తెలుగు, తమిళములలో గోడలపై వ్రాయబడవలెను. జామీను ఉత్తరువుతోబాటు వాయిదా తేదీ తమిళమున చేతికీయవలెను. మన యువ న్యాయవాదులు నెలకొకదినము చెరసాలలకు పోయి, ఉత్తరువు వచ్చియు బయటకు రానివారి జాబితా తయారుచేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అందజేయవలెను.

ఈ సభలో న్యాయవాదులు పలువురున్నారు. వారిలో జాబితా పనికి పూనుకొనువారు ద్వారమువద్ద నున్న పుస్తకములో తమ పేరు, తాము పోగల దినము వ్రాయవలెనని వేడుచున్నాము. అరవము చదువను వ్రాయను వచ్చినవారు ఆ సంగతియును పేరుప్రక్కన వ్రాయుదురు గాక.